ఫోన్‌లో బ్లాక్ అయిన నంబరును తిరిగి అన్‌బ్లాక్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక నంబరును బ్లాక్ చేయడానికి ఒక్క క్షణం చాలు. అది కూడా చాలాసార్లు మనకు తెలియకుండానే జరిగిపోతుంది. దాన్ని తీయవలసి వచ్చినప్పుడే ఎక్కడ వెతకాలో తోచదు. ఎందుకంటే ఒకే ఫోన్‌లో బ్లాక్ జాబితా ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. ఫోన్ యాప్‌కు ఒకటి, వాట్సాప్‌కు ఒకటి, ట్రూకాలర్ వాడుతుంటే దానికి మరొకటి. ఒకదానిలోంచి తీసినంత మాత్రాన రెండోదానిలోంచి పోదు. ఇళ్ళలో, ఆఫీసుల్లో నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా సమాధానం ఇస్తున్నాను.

నంబరును బ్లాక్ చేస్తే అసలు ఏం జరుగుతుంది?

ఆ నంబరు నుంచి కాల్ వస్తే మీ ఫోన్ మోగకుండానే దాన్ని తిప్పి పంపేస్తుంది. అవతలివారికి ఒకసారి రింగై కట్ అయినట్టో, ఎప్పుడూ బిజీగా ఉన్నట్టో అనిపిస్తుంది. మీకు మాత్రం ఏ శబ్దమూ వినిపించదు. కొన్ని ఫోన్లలో కాల్ చరిత్రలో ఆ కాల్ పక్కన అడ్డగీత ఉన్న చిన్న గుండ్రని గుర్తు కనిపిస్తుంది. అందరూ దాన్ని గమనించరు. కాబట్టి పొరపాటున చేసిన బ్లాక్ నెలల తరబడి అలాగే ఉండిపోవచ్చు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ బ్లాక్ మీ ఫోన్‌లో ఉంటుందే తప్ప సిమ్‌లో ఉండదు. సిమ్ మార్చినా, వేరే కంపెనీకి పోర్ట్ అయినా ఫోన్ అదే అయితే బ్లాక్ కూడా అలాగే ఉంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగినా వాళ్ళు దాన్ని తీయలేరు.

నేనెవరినీ బ్లాక్ చేయలేదు. మావాళ్ళ నంబరు ఆ జాబితాలోకి ఎలా చేరింది?

మా చిన్నాన్నగారి విషయంలో జరిగింది చెబితే ఇది సులువుగా అర్థమవుతుంది. హ్యూస్టన్‌లో ఉన్న కూతురు ఫోన్ చేయడం మానేసిందని ఆయన రెండు నెలలు మనసులోనే బాధపడ్డారు. ఎప్పుడు చేసినా నాన్న ఫోన్ బిజీ అనే వస్తోందని ఆ అమ్మాయి బాధపడింది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నేను ఆయన ఫోన్ తీసుకుని బ్లాక్ జాబితా తెరిచాను. అందులో పదకొండు నంబర్లున్నాయి. చాలావరకు 140తో మొదలయ్యే ప్రకటనల నంబర్లే. వాటి మధ్యలో +1తో మొదలైన నంబరు ఒకటి కనిపించింది. ఆ అమ్మాయి అక్కడ కొత్త సిమ్ తీసుకుని మొదటిసారి చేసిన నంబరు అదే. అప్పటికి అది ఆయన ఫోన్‌లో సేవ్ అయి లేదు. కాల్ ముగిశాక తెరమీద వచ్చిన పెట్టెను మూసేద్దామనుకుని ఆయన నొక్కింది 'బ్లాక్' మీట. నంబరు తీసేసి, ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టిన పది నిమిషాల్లో ఫోన్ మోగింది. చిన్నాన్నగారు స్పీకర్ ఆన్ చేసి అందరికీ వినిపించారు.

సేవ్ చేయని నంబరు నుంచి కాల్ రాగానే చాలా ఫోన్లు 'బ్లాక్ చేయండి', 'స్పామ్‌గా రిపోర్ట్ చేయండి' అనే మీటలను సరిగ్గా బొటనవేలికి అందే చోటే చూపిస్తాయి. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు వాటిని తెలియక నొక్కేస్తారు. కాబట్టి ఇంట్లోవాళ్ళ కొత్త నంబరు ఏదైనా వస్తే వెంటనే పేరు పెట్టి సేవ్ చేయడం అన్నిటికన్నా మంచి జాగ్రత్త.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వారి ఫోన్ యాప్ ఉంది. అందులో ఎలా తీయాలి?

కాల్ చేయడానికి వాడే ఫోన్ యాప్‌నే తెరవండి. పైన కుడివైపున ఉండే మూడు చుక్కలనో, కొత్త వెర్షన్లలో కనిపించే మూడు అడ్డగీతలనో నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. అక్కడ 'బ్లాక్డ్ నంబర్స్' అని ఉంటుంది. ఫోన్ తెలుగులో ఉంటే 'బ్లాక్ చేసిన నంబర్లు' అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. దాన్ని తెరిస్తే నంబర్లన్నీ వరుసగా వస్తాయి. మీకు కావలసిన నంబరు పక్కన ఉన్న ఇంటూ గుర్తును నొక్కి, 'అన్‌బ్లాక్' అని నిర్ధారిస్తే సరిపోతుంది.

ఈ జాబితాలో చాలావరకు పేర్లు లేని నంబర్లే ఉంటాయి. కాబట్టి ఏది ఎవరిదో ముందుగా కాగితం మీద రాసుకుని సరిచూసుకోవడం మంచిది. చివరి నాలుగు అంకెలు చూసి పోల్చుకోవడం తేలిక. కాల్ చరిత్రలో ఆ నంబరు ఇంకా ఉంటే ఇంకో దారి కూడా ఉంది. దానిమీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే వచ్చే జాబితాలోనే 'అన్‌బ్లాక్' ఉంటుంది.

అదే పేజీలో 'అన్‌నోన్' అనే మీట ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే తమ నంబరు కనబడకుండా దాచుకుని చేసేవారి కాల్స్ అన్నీ ఆగిపోతాయి. విదేశాల నుంచి కొన్ని రకాల ఇంటర్నెట్ కాల్స్ ఇలా నంబరు లేకుండానే వస్తాయి. అలాంటి కాల్స్ మీకు అవసరమైతే ఆ మీటను ఆఫ్ చేయండి.

శాంసంగ్ ఫోన్‌లో ఆ మాట కనబడడం లేదు. ఎక్కడ ఉంటుంది?

శాంసంగ్ వారి ఫోన్ యాప్‌లో మూడు చుక్కలు, ఆ తర్వాత సెట్టింగ్స్ నొక్కితే పైనే 'బ్లాక్ నంబర్స్' కనబడుతుంది. లోపల ప్రతి నంబరు పక్కన మైనస్ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కగానే నంబరు జాబితాలోంచి పోతుంది. కాబట్టి తొందరపడి పక్క నంబరును నొక్కకుండా చూసుకోండి.

షావోమి, ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో?

ఈ కంపెనీల ఫోన్లు చాలావాటిలో గూగుల్ ఫోన్ యాప్‌నే ఇచ్చారు కాబట్టి పైన చెప్పిన పద్ధతే పనిచేస్తుంది. కంపెనీ సొంత యాప్ ఉన్నచోట ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో 'బ్లాక్‌లిస్ట్' అనో, 'బ్లాక్ అండ్ ఫిల్టర్' అనో ఉంటుంది. కొన్ని పాత షావోమి ఫోన్లలో 'సెక్యూరిటీ' అనే విడి యాప్‌లో ఈ జాబితా ఉండేది. పేరు ఏదైనా సరే, ఫోన్ సెట్టింగ్స్ పైభాగంలో ఉండే వెతికే పెట్టెలో 'బ్లాక్' అని టైప్ చేస్తే చాలా ఫోన్లలో నేరుగా ఆ పేజీకే దారి చూపిస్తుంది.

ఐఫోన్‌లో ఎలా తీయాలి?

ఐఫోన్‌లో ఈ జాబితా పేరు 'బ్లాక్డ్ కాంటాక్ట్స్'. అది ఉండే చోటు మాత్రం వెర్షన్‌ను బట్టి మారుతూ వచ్చింది. పాత వెర్షన్లలో సెట్టింగ్స్‌లోని 'ఫోన్' కింద ఉండేది. ఐఓఎస్ 18లో యాపిల్ యాప్‌లన్నిటినీ 'యాప్స్' అనే ఒకే విభాగం కిందికి చేర్చడంతో అది కూడా అక్కడికే వెళ్ళింది. అందుకే దారి బట్టీపట్టకుండా, సెట్టింగ్స్ తెరిచి వెతికే చోట 'బ్లాక్డ్' అని టైప్ చేయమని నేను అందరికీ చెబుతాను. జాబితా తెరిచాక ఆ పేరు మీద వేలును కుడి నుంచి ఎడమకు జరిపితే ఎర్రగా 'అన్‌బ్లాక్' వస్తుంది.

ఐఫోన్‌లో ఒకరిని బ్లాక్ చేస్తే వారి కాల్స్‌తో పాటు ఫేస్‌టైమ్, మెసేజ్‌లు కూడా ఆగుతాయి. అన్‌బ్లాక్ చేస్తే అవన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి.

జాబితాలో లేకపోయినా కాల్ మోగకపోతే ఇంకొకటి చూడాలి. 2019లో ఐఓఎస్ 13తో 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' అనే సదుపాయం వచ్చింది. అది ఆన్‌లో ఉంటే సేవ్ చేయని కొత్త నంబర్ల కాల్స్ శబ్దం లేకుండా పోయి, కాల్ చరిత్రలో మాత్రమే కనిపిస్తాయి. ఇది బ్లాక్ కాదు. కొరియర్ కుర్రాడి ఫోన్, ఆసుపత్రి నుంచి వచ్చే ఫోన్ మోగలేదని చెప్పే ఐఫోన్ వాడకందార్లలో చాలామంది విషయంలో నేను చూసిన కారణం ఇదే.

ఫోన్‌లో అన్‌బ్లాక్ చేశాను. వాట్సాప్‌లో ఇంకా రావడం లేదెందుకు?

వాట్సాప్ జాబితా పూర్తిగా వేరు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ'లోకి వెళ్ళి కిందికి వస్తే 'బ్లాక్డ్ కాంటాక్ట్స్' ఉంటుంది. అందులోని పేరును నొక్కితే అన్‌బ్లాక్ చేసే అవకాశం వస్తుంది. లేదా ఆ వ్యక్తితో ఉన్న పాత చాట్‌ను తెరిచి ఏదైనా సందేశం పంపబోతే, ముందు అన్‌బ్లాక్ చేయాలా అని వాట్సాపే అడుగుతుంది.

ఈ బ్లాక్ మీ వాట్సాప్ ఖాతాతో ముడిపడి ఉంటుంది కాబట్టి కొత్త ఫోన్‌లో అదే నంబరుతో వాట్సాప్ తెరిచినా బ్లాక్ అలాగే కొనసాగుతుంది. 2023 జూన్‌లో వాట్సాప్ కూడా తెలియని నంబర్ల కాల్స్‌ను నిశ్శబ్దం చేసే సదుపాయం తెచ్చింది. కాబట్టి వాట్సాప్ కాల్ మోగకపోతే ప్రైవసీలోనే 'కాల్స్' కింద అది కూడా ఒకసారి చూడండి.

ట్రూకాలర్ ఉంది. దానిలో విడిగా చూడాలా?

తప్పకుండా చూడాలి. ఫోన్ జాబితా ఖాళీగా ఉన్నా కాల్ రాకపోతే చాలాసార్లు అడ్డుపడేది ఈ యాపే. దానిలోని బ్లాక్ విభాగంలో మీరు స్వయంగా చేర్చిన నంబర్లు ఒక జాబితాగా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తీయవచ్చు.

అంతకన్నా ముఖ్యం, అదే విభాగంలో ఉండే మూకుమ్మడి నిబంధనలు. విదేశీ నంబర్లన్నీ ఆపు, కాంటాక్ట్స్‌లో లేనివారందరినీ ఆపు, దాచిన నంబర్లు ఆపు అనే మీటలు అక్కడ ఉంటాయి. పిల్లలు అమెరికాలోనో, దుబాయ్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్ళలో 'విదేశీ నంబర్లు ఆపు' అనేది ఆన్‌లో ఉంటే, నంబరును ఎన్నిసార్లు అన్‌బ్లాక్ చేసినా ఆ నిబంధన మళ్ళీ అడ్డుకోవచ్చు. ఇలాంటి నిబంధనలన్నీ చూశాకే నంబరు దగ్గరికి రావాలి.

ఎస్సెమ్మెస్‌లకు విడిగా తీయాలా?

ఆండ్రాయిడ్‌లో సాధారణంగా అక్కర్లేదు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి కాల్స్‌కూ మెసేజ్‌లకూ ఫోన్ మొత్తానికి కలిపి ఒకే బ్లాక్ జాబితా ఉంది. అయితే బ్లాక్ చేసినవారి పాత సంభాషణ గూగుల్ మెసేజెస్ యాప్‌లో 'స్పామ్ అండ్ బ్లాక్డ్' అనే అరలోకి వెళ్ళిపోతుంది. పైన ఉన్న మీ ప్రొఫైల్ బొమ్మను నొక్కితే ఆ అర కనిపిస్తుంది. బ్యాంకు ఓటీపీలు రావడం లేదని కంగారుపడేవారు ముందు అక్కడ చూడాలి.

బ్లాక్‌లో ఉన్నప్పుడు వాళ్ళు పంపిన మెసేజ్‌లు ఇప్పుడు వస్తాయా?

వాట్సాప్‌లో రావు. బ్లాక్‌లో ఉన్న రోజుల్లో వారు పంపిన సందేశాలు వారి ఫోన్‌లో ఒక్క టిక్కుతోనే ఉండిపోతాయి. అన్‌బ్లాక్ చేశాక కూడా అవి మీకు చేరవు. ఐఫోన్ మెసేజ్‌ల విషయంలోనూ అంతే. అందుకే ముఖ్యమైనవారిని అన్‌బ్లాక్ చేసిన వెంటనే ఒక మాట ఫోన్‌లో చెప్పి, అవసరమైనవి మళ్ళీ పంపమని అడగండి. తమ సందేశం చూసి కూడా మీరు జవాబివ్వలేదని వాళ్ళు అనుకునే ఉంటారు.

నేను అన్‌బ్లాక్ చేసినట్టు వారికి తెలుస్తుందా?

ఎలాంటి సమాచారమూ వెళ్ళదు. వాట్సాప్‌లో మీ ప్రొఫైల్ ఫోటో, చివరిసారి చూసిన సమయం మీ ప్రైవసీ ఎంపికలను బట్టి వారికి మళ్ళీ కనిపించవచ్చు. దాన్నిబట్టి ఊహించగలరు. కావాలనుకుంటే వెంటనే మళ్ళీ బ్లాక్ చేయవచ్చు, ఫోన్‌లో దానికి గడువేమీ లేదు. ఫేస్‌బుక్‌లో మాత్రం ఒకసారి అన్‌బ్లాక్ చేసినవారిని తిరిగి బ్లాక్ చేయాలంటే 48 గంటలు ఆగాలి.

అవతలివారు నన్ను బ్లాక్ చేశారు. నా వైపు నుంచి తీయవచ్చా?

తీయలేరు. ఆ జాబితా వారి ఫోన్‌లో ఉంది, తీసే హక్కు కూడా వారిదే. డబ్బు కడితే అవతలి ఫోన్‌లో మీ నంబరును అన్‌బ్లాక్ చేస్తామని చెప్పే యాప్‌లూ వీడియోలూ మోసమే. పొరపాటున జరిగిందని మీకు గట్టి నమ్మకం ఉంటే ఇద్దరికీ తెలిసిన మనిషితో ఒక్క మాట చెప్పించండి. కావాలని చేసి ఉంటే మాత్రం వేరే నంబర్ల నుంచి పదేపదే ప్రయత్నించడం సరికాదు. అది వేధింపు కిందికి వస్తుంది.

ప్రతిసారీ బిజీ వస్తోందంటే బ్లాక్ అయ్యామనే తీర్మానానికి రానక్కర్లేదు. నెట్‌వర్క్ లోపం వల్లా, వారు 'డునాట్ డిస్టర్బ్' పెట్టుకోవడం వల్లా కూడా కాల్ కలవకపోవచ్చు. స్విచ్చాఫ్ అని వస్తే అది సాధారణంగా నిజంగానే స్విచ్చాఫ్.

బ్యాంకు నంబర్లను కూడా బ్లాక్ చేసేశాను. ఏవి తీయాలి, ఏవి ఉంచాలి?

మన దేశంలో నంబరు మొదట్లో ఉండే అంకెలే ఇందుకు కొంత దారి చూపిస్తాయి. 140తో మొదలయ్యేవి ప్రకటనల కోసం కేటాయించినవి, వాటిని బ్లాక్‌లోనే ఉంచవచ్చు. 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, ఆర్థిక సంస్థలు, ప్రభుత్వ సంస్థలు ఖాతాదారులకు సేవలకూ లావాదేవీలకూ సంబంధించి చేసే కాల్స్ కోసం 2024లో టెలికాం శాఖ కేటాయించిన వరుస. వీటిని అన్‌బ్లాక్ చేయడం మంచిది. అయితే నంబరు ఏదైనా సరే, ఓటీపీ, పిన్ అడిగితే చెప్పకూడదు.

ఫోన్‌లోని బ్లాక్‌తో సంబంధం లేకుండా ప్రకటనల కాల్స్‌ను నెట్‌వర్క్ స్థాయిలోనే ఆపే డీఎన్‌డీ నమోదు మరొకటి ఉంది. అది 1909 ద్వారా జరుగుతుంది. మార్చుకోవాలన్నా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు. డీఎన్‌డీ వల్ల మీ చుట్టాల కాల్స్ ఆగిపోవు. ఆ అపోహతో దాన్ని తీసేసుకున్నవారిని చూశాను కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఎప్పుడో బ్లాక్ చేసిన పాత నంబర్లను అలాగే వదిలేయవచ్చా?

వదిలేస్తే ప్రమాదమేమీ లేదు కానీ ఒక సంగతి తెలిసి ఉండాలి. మూతపడిన మొబైల్ నంబరును కనీసం 90 రోజుల తర్వాత కంపెనీలు మరొకరికి ఇవ్వవచ్చు. అయిదేళ్ళ కిందట మీరు విసుగొచ్చి బ్లాక్ చేసిన నంబరు ఇవాళ మీ వీధికి గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి చేతిలో ఉండవచ్చు. ఫలానావారి కాల్ రావడం లేదని అనిపించినప్పుడు వారి పేరుతో కాకుండా నంబరుతో జాబితాలో వెతకాలనేది ఇందుకే.

అన్‌బ్లాక్ చేశాను, అన్ని యాప్‌లూ చూశాను. అయినా కాల్ రావడం లేదు.

ముందుగా ఫోన్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఆ తర్వాత తెరను పైనుంచి కిందికి లాగి 'డునాట్ డిస్టర్బ్' గానీ, విమానం గుర్తు గానీ వెలిగి ఉన్నాయేమో చూడండి. మీ కాల్స్ వేరే నంబరుకు మళ్ళుతున్నాయేమో తెలుసుకోవడానికి *#21# డయల్ చేయవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లోని 'కాల్ బ్యారింగ్' ఆన్‌లో ఉంటే వచ్చే కాల్స్ నెట్‌వర్క్‌లోనే ఆగిపోతాయి. దాన్ని తీయడానికి పాస్‌వర్డు అవసరం కావచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం కస్టమర్ కేర్ వారు సాయం చేయగలరు. రెండు సిమ్‌లు ఉంటే అవతలివారు ఏ నంబరుకు చేస్తున్నారో అడగడం మరవకండి.

వేధించిన మనిషి నంబరును, ఫిర్యాదు కోసం అన్‌బ్లాక్ చేయాలా?

అక్కర్లేదు. బ్లాక్‌లో ఉండగానే పాత సందేశాలు, కాల్ చరిత్ర స్క్రీన్‌షాట్లు తీసుకుని ఫిర్యాదు చేయవచ్చు. తొందరపడి చాట్‌ను తొలగించకండి. అత్యవసరమైతే 112, మహిళలకు 181 ఉన్నాయి. తెలంగాణలో మహిళల భద్రత కోసం ఉన్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌ను సంప్రదించవచ్చు. ఎవరో బతిమాలారనో, పెద్దలు చెప్పారనో భయం పోకుండానే అన్‌బ్లాక్ చేయవలసిన అవసరం ఎవరికీ లేదు.

సిమ్ 'బ్లాక్' అయింది, ఫోన్ 'బ్లాక్' అయింది అంటారు. అవి కూడా ఇవేనా?

కావు, మాట ఒకటే కానీ సంగతులు వేరు. సిమ్ పిన్‌ను మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోతుంది. దాన్ని తెరవడానికి ఎనిమిది అంకెల పీయూకే కోడ్ కావాలి. అది మీ సిమ్ కంపెనీ ఇస్తుంది. పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కాబట్టి ఊహించి కొట్టకండి. పోయిన ఫోన్‌ను టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్లను ఆపే సీఈఐఆర్ విభాగం ద్వారా బ్లాక్ చేయించి, అది దొరికితే, అప్పుడు వచ్చిన రిక్వెస్ట్ ఐడీతో అక్కడే అన్‌బ్లాక్ కోరాలి.

మీ నంబరు రెండు గంటల్లో బ్లాక్ అవుతుంది, ఆపాలంటే 9 నొక్కండి అంటూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో వచ్చే కాల్స్ పూర్తిగా మోసం. ఆ సంస్థ ఎవరికీ అలా ఫోన్ చేయదు. అన్‌బ్లాక్ కావాలంటే *401*తో మొదలుపెట్టి ఫలానా నంబరు డయల్ చేయండి అంటే అది మీ కాల్స్‌ను మోసగాడి ఫోన్‌కు మళ్ళించే ఎత్తు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

అమ్మానాన్నలు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ ఫోన్‌లో నా నంబరును దూరం నుంచి ఎలా తీయించాలి?

మామూలు కాల్ ఆగినా వాట్సాప్ జాబితా వేరు కాబట్టి చాలాసార్లు వాట్సాప్ వీడియో కాల్ కలుస్తుంది. 2023 ఆగస్టు నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లో తమ తెరను అవతలివారికి చూపించే వీలుంది. అమ్మ చేత ఆ మీట నొక్కిస్తే, మీరు ఆమె తెరను చూస్తూ 'పైన మూడు చుక్కలు నొక్కమ్మా, ఇప్పుడు కిందికి జరుపు' అని ఒక్కొక్క అడుగే చెప్పవచ్చు. తెర చూపిస్తున్నంతసేపూ ఫోన్‌పే, బ్యాంకు యాప్‌ల వంటివి తెరవవద్దని ముందే చెప్పండి. బయటివాళ్ళు ఎవరైనా ఇలా తెర చూపించమంటే ఒప్పుకోవద్దని కూడా అప్పుడే చెప్పండి.

వాట్సాప్ కూడా కలవకపోతే పక్కింటివారి ఫోన్‌కు చేసి, వాళ్ళింటి పిల్లవాడి చేత తీయించండి. జాబితాలోంచి మీ నంబరు పోగానే కాల్ పెట్టేయకుండా, వెంటనే మామూలు కాల్ చేసి ఫోన్ మోగిందో లేదో చూడండి. మోగితే, అదే కాల్‌లో మీ నంబరును పేరుతో సేవ్ చేయించండి.